ఆర్.కె.పేటలో టర్కీ ఫలహారం

ఆర్.కె.పేట అంటే రామకృష్ణరాజుపేట. తిరుత్తణికి పడమటగా, షోళింగూరుకు ఉత్తరంగా వున్న నేతగాండ్ల వూరు. 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు ఇది చిత్తూరు జిల్లాలోనిది. పటాస్కర్ తీర్పు ననుసరించి ఆనాడు తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరింది. అయినా ఇప్పటికీ అక్కడ ఎన్నో యిళ్ళలో తెలుగే మాట్లాడుతారు.

మేము అక్కడ బంధువుల యింట దిగినప్పుడు, మాలో ఒకరు టర్కీ చూసి వచ్చారని విని పెద్దమ్మ అడిగింది: "ఏం నాయనా, ఆ దేశంలో పొద్దున్నే ఏం తింటారు?"

టర్కీ వారు ఉదయపు ఫలహారాన్ని 'కహ్వాల్టి' అంటారు. కాఫీకి ముందు తినేదని ఆ మాటకు అర్థం. "మనకైతే ముందు కాఫీ, తర్వాతనే తక్కినవన్నీ" అని పెద్దమ్మ నవ్వింది. వారు చేసుకొనే సులువైన వంటకాల్లో ఒకటి 'పటాటెస్లి యుముర్తా', అనగా ఉర్లగడ్డ కలిసిన కోడిగుడ్డు. పేరు కొత్తదే గాని సామానంతా యింట్లోనే వున్నది.

నలుగురికి అర కిలో ఉర్లగడ్డలు, నాలుగు గుడ్లు, ఒక ఎర్రగడ్డ చాలును. ఉర్లగడ్డలు చెక్కు తీసి, సన్నని ముక్కలు కోసి, కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడవాలి. తడి వుంటే నూనె చిటచిటలాడి మీద పడుతుంది. ముక్కలు కూడా పెనానికి అంటుకొంటాయి. పెనంలో నాలుగు చెంచాల చెనిక్కాయ నూనె కాగినాక ముక్కలు వేసి, మధ్య మధ్య తిరగవేస్తూ పావుగంట వేయించాలి. సగం వేగినప్పుడు ఎర్రగడ్డ తరుగు, ఉప్పు వేయాలి. ముక్కలు ఎర్రబడ్డాక నాలుగు చోట్ల గుంటలు చేసి, గుంటకొక గుడ్డు కొట్టి పోసి, మూడు నిమిషాలు మూత పెట్టాలి. పైన మిరియాల పొడి, కచ్చాపచ్చాగా దంచిన ఎండుమిరప చల్లాలి. తాలింపు లేదు, పసుపు లేదు. మన పొరటులో వలె గుడ్డును కలియబెట్టనక్కర లేదు. వారు రొట్టెతో తింటారు; మేము దోసెలతో తిన్నాము.

ఉర్లగడ్డ టర్కీదీ కాదు, మనదీ కాదు. దక్షిణ అమెరికా నుండి వచ్చినది. అయినా ఎర్రగడ్డ, తెల్లగడ్డల వరుసలో చేరి మన 'గడ్డ' అయి కూర్చున్నది.

ఆ యింటి మనుమరాలు ఈ వంట విధానం ఒక కాగితం మీద వ్రాసుకొన్నది. మాటలు తెలుగు, అక్షరాలు తమిళం! ఆ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. ట, డలకూ ఒకటే. తిరిగి చదివితే గుడ్డు 'కుట్టు' అయింది, ఎర్రగడ్డ 'ఎర్రకట్ట' అయింది. అందరం నవ్వాము. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "మాట్లాడేది వచ్చునే గాని, రాసేది నేర్పలేదు నాయనా" అన్నది.

2006 నాటి చట్టం ప్రకారం తమిళనాడు బడుల్లో ఒకటవ తరగతి మొదలు క్రమంగా తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావలసినదే, ఆ గడ్డ మీద బ్రతుకుతున్నాము గదా! కాని తెలుగు అక్షరాలు నేర్పే పని ఇక బడిదే అని వూరుకొంటే జరగదు. ఆ రాత్రి పెద్దమ్మ మనుమరాలి చేత అదే కాగితం వెనుక తెలుగులో వ్రాయించింది. 'గుడ్డు' అనే మాటతో మొదలుపెట్టారు.

చదువరులారా, మీ యింట పిల్లల చేత వారానికొక వంట తెలుగులో వ్రాయించండి. అక్షరమూ వస్తుంది, వంటా వస్తుంది.