చిట్టా వెనుక పుటలు

వాల్తేరు వెళ్ళి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు చదువవలెనని చిన్ననాటి నా కోరిక. 1936లో మా బరంపురము ఒరిస్సాలో చేరినను, ఇంటి తెలుగు ఇంటనే నిలిచినది గదా! తండ్రిగారు అకాలమున గతించుటచే పట్టుచీరల దుకాణమున కూర్చుంటిని. పద్యము తోచినప్పుడెల్ల చిట్టా వెనుక పుటలలో వ్రాసికొంటిని. అవి అచ్చునకు నోచుకొనలేదు. అచ్చు కాదగినవియు కావేమో!

ఒడియా బడిలో చదువుచున్న మనుమరాలికి నిరుడు తెలుగక్షరములు దిద్దించితిని. మొన్న ఆ చిట్టా తీసి, ‘కమలము’ను ‘కొమొలొము’ అని చదివినది. నవ్వుచు సరిదిద్దితిని. పద్యము ముగించి, “తాతా, ఇదెవరు రాసేరు?” అన్నది.

“నేనేనమ్మా” అంటిని.

నమ్మక, తక్కిన పుటలు తిరగవేయసాగినది. వాల్తేరు చేరలేదన్న కొరత, ఏలనో, ఆ పూట నాకు తోపలేదు. ఇక ఛందస్సు చెప్పవలెను. ముందుగా ఆ ‘కొ’ పోవలెను.