కడియంలో ఎడారి గులాబీ

రాజమహేంద్రవరం నుండి రావులపాలెం వైపు సాగే జాతీయ రహదారిపై వేమగిరి దాటినది మొదలు ఇరువైపులా మొక్కలే దర్శనమిస్తాయి. కడియం, కడియపులంక, బుర్రిలంక గ్రామాలలో నర్సరీయే సేద్యం. ఒండ్రునేల, కాలువనీరు పుష్కలంగా ఉన్న ఈ సీమలో మందారాలు, నందివర్ధనాలు పెరగడంలో వింత లేదు. వేళ్ళవద్ద నీరు నిలిస్తే కుళ్ళిపోయే అడీనియం ఇక్కడ వేలకొలది కుండీలలో విరబూయడమే వింత.

దీనిని ఎడారి గులాబీ అంటున్నారు గాని, గులాబీతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇది గన్నేరు కుటుంబానికి చెందినది. ఆకు తుంచితే కారే పాలు విషం. ఆఫ్రికాలో వేటగాళ్ళు ఆ రసాన్ని బాణాల మొనలకు పూసేవారు. పసిపిల్లలున్న ఇండ్లవారు ఈ మాట మరువరాదు.

దీని పుట్టినిల్లు ఆఫ్రికా, దక్షిణ అరేబియా. 1761లో డెన్మార్క్ రాజు పంపిన శాస్త్రయాత్రలో పీటర్ ఫోర్స్‌కోల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు యెమెన్‌లో దీనిని చూచి వర్ణించాడు. 1763లో జ్వరపీడితుడై అక్కడే కన్నుమూశాడు. ఆ బృందంలో స్వదేశం చేరినవాడు కార్‌స్టెన్ నీబూర్ ఒక్కడే (మన బొంబాయి మీదుగానే తిరిగి వెళ్ళాడు). మిత్రుని రాతలను 1775లో ఆయనే అచ్చువేయించాడు. ఫోర్స్‌కోల్ దీనిని గన్నేరు జాతిలోనే చేర్చాడు; ఏడెన్ రేవు పేరు ధ్వనించే అడీనియం నామం 1819లో వచ్చింది.

నేను చూచిన నర్సరీలో ఈ కుండీలకు గోదావరి మట్టి అంటనివ్వరు. ఇసుక, కొబ్బరిపొట్టు, కొద్దిగా పశువుల ఎరువు, అడుగున పెద్ద రంధ్రం, అంతే. విత్తనపు మొక్క తల్లి రంగునే పూస్తుందన్న నమ్మకం లేదు. అందుచేత లావెక్కిన మొదలు గల మొక్క తల కోసి, ముద్దపూల కొమ్మను అంటుకడతారు. బ్లేడుతో ఆ పని చేస్తున్న మహిళల చేతివేగం చూడవలసిందే!

“నీళ్ళు లేక చచ్చింది ఒక్కటీ చూళ్ళేదండి. ఎక్కువై కుళ్ళినవేనండి అన్నీ,” అన్నాడు యజమాని. వానాకాలంలో చూరు కిందికి జరపాలట. చలికాలంలో ఆకు రాల్చితే భయపడి నీరు పోయరాదట.

బదిలీ అయిన ప్రతిసారీ మా శ్రీమతి పెంచిన తోటను పొరుగు క్వార్టరు వారికి అప్పగించి రావడం మాకు అలవాటైంది. ఆమె కంటతడి మాత్రం నాకు అలవాటు కాలేదు. మట్టి దులిపి కాగితంలో చుట్టినా పక్షం రోజులు బ్రతికే మొక్క అని వినగానే ఆమె రెండింటిని ఎన్నుకున్నది. తెగిన వేళ్ళు ఆరేవరకు, నాలుగైదు రోజులు, నాటవద్దని యజమాని ఆ పొట్లాలపై పెన్సిలుతో వ్రాసి ఇచ్చాడు.