ఇంకొక్క యేడు

అంజూరపు చెట్టు ఉపమానము మీకు తెలిసినదే. మూడేండ్లుగా కాపు లేదని యజమానుడు నరికివేయుమన్నాడు. తోటమాలి మాత్రము చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానని ఇంకొక్క యేడు గడువడిగాడు.

లాలాపేటలోని మా సంఘములో జనగామ వైపు పల్లెల నుండి వచ్చిన కుటుంబాలున్నవి. పత్తికి కొట్టిన మందుల అప్పు తీరక పొలము విడిచినవారూ వారిలో ఉన్నారు. “భూమిలో సత్తువ లేదయ్యగారూ” అంటారు. వారికి మేము అక్కడి ఏనబావి సంగతి చెప్పుతుంటాము. సుమారు యాభై గడపల ఆ పల్లె పేడ ఎరువును, వేప కషాయమును నమ్ముకొని, 2006లో రసాయనాలు వాడని గ్రామముగా ప్రకటించుకొన్నది. పొరుగూళ్ల రైతులు వెళ్లి కళ్లారా చూచి నేర్చుకొన్నారు.

మీ ఊరి మందిర ఆవరణలోనూ ఇది చూపవచ్చును. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, మూడు అడుగుల ఎత్తున ఇటుక తొట్టి కట్టి, గోడలకు గాలి రంధ్రాలు విడువండి. ఆకులు అలములు, పేడనీళ్లు, మట్టి పొరలుగా నింపి పైన మెత్తండి. తడి ఆరనీయకుంటే మూడు నాలుగు నెలలకు ఎరువగును. ప్రక్కనే రెండు మడులలో వంగ నాటి, ఒకదానికే ఆ ఎరువు వేయండి. మా ప్రసంగము కంటె ఆ మడులే బాగా బోధిస్తవి.

మొదట దిగుబడి తగ్గవచ్చును. కనుక పొలమంతా కాదు, ఒక మూలకు మాత్రము ఈ యేడు గడువియ్యండి.