కడుగునీళ్లు – పెన్నేటి పాట

కృష్ణా జిల్లాలో కాలవగట్టున పెరిగినదాన్ని. పెళ్లయి మడకశిర వచ్చిన కొత్తలో బియ్యం కడిగిన నీళ్లు పారబోస్తుంటే అత్తగారు, "పారబొయ్యొద్దు మ్మే, గిన్నెలో పట్టు. కరేపాకు చెట్టుకు పోద్దాం" అనేవారు. ఇంత పిసినారితనమా అని మనసులో చిన్నబుచ్చుకునేదాన్ని.

చూస్తే ఊరు బాగానే ఉంటుంది. చుట్టూ బండరాళ్ల కొండలు, చింతచెట్లు, శెనక్కాయ చేలు. మూడువైపులా కర్ణాటకే కాబట్టి ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. 2022లో ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గాని, మా నోట ఇప్పటికీ 'అనంతపురం'అనే వస్తుంది. చుట్టాలొస్తే నొళంబ రాజుల హేమావతికి తీసుకెళ్తాం. అక్కడి సిద్ధేశ్వరుడు లింగంగా కాక మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. తిరిగొచ్చాక రాగిముద్ద, శెనక్కాయ చట్నీ పెడితే చుట్టాలకి మహా ఇష్టం.

మొన్న వంటయ్యాక విద్వాన్ విశ్వం గారి 'పెన్నేటి పాట' తీశాను. 1956లో పుస్తకంగా వచ్చిన కావ్యం. ఆయనది అనంతపురం సీమలోని తరిమెలే. ఎండిన పెన్న, రంగడు, గంగమ్మల పేదబతుకు చదువుతుంటే ఒలికిపోయిన ఆ కడుగునీళ్లే కళ్లముందు మెదిలాయి. ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే సీమ ఇది. అత్తగారి మాట వెనక ఎన్ని కరువులున్నాయో అప్పుడర్థమైంది.

చెబుదామంటే ఆవిడ లేరు. కరేపాకు చెట్టు మాత్రం పచ్చగా ఉంది. సాయంత్రం గిన్నెడు కడుగునీళ్లు దాని మొదట్లో పోసొచ్చాను.