దాత బండి

పాత కారు కొనదలచినవాడు మొదట చూచేది రంగు. ఆపైన సీట్లు, టైర్లు, తలుపు మూసినప్పుడు వచ్చే చప్పుడు, చిట్టచివర ధర. మేము కొనదలచిన కారుకు వీటిలో ఏదీ అక్కరలేదు. రంగు వెలిసినా, తలుపు ఊడినా, నేలరేకు తుప్పుపట్టి దాని సందులనుండి రోడ్డు కనబడినా మాకు చింత లేదు. ఆ మేరకు ధర తగ్గునన్న సంతోషమే మిగులుతుంది. మాకు కావలసినవి ఇంజను, గేర్‌బాక్సు, చక్రాలకు శక్తినందించే షాఫ్టులు, స్టీరింగు, బ్రేకులు, వైర్ల కట్ట. వాటిని ఊడదీసి, ఇనుప గొట్టాలతో స్వయముగా అతికిన చట్రంలో అమర్చి, ఇద్దరు కూర్చొనగల చిన్న బండిని తయారుచేయాలన్నది మా సంకల్పం. తన అవయవాలనిచ్చి మరొక బండికి ప్రాణం పోసే ఇటువంటి కారును పాశ్చాత్య దేశాలలో డోనర్ కారు అంటారు. మా ఉస్తాదుకు ఈ మాటను వివరించబోతే ఆయన మధ్యలోనే ఆపి, "దాతా అను బేటా, అందరికీ తెలుస్తది" అన్నారు. ఉర్దూలోనూ తెలుగులోనూ ఒకే అర్థమిచ్చే ఆ మాటను నాటినుండి మేము విడువలేదు.

మేము నలుగురము. యంత్రశాస్త్రం చదువుతున్నవారము. ఇద్దరిది దేవరకొండ పట్టణం, ఒకనిది కొండమల్లేపల్లి, నాల్గవవానిది చందంపేట వైపు ఒక తండా. తలకు పదివేల చొప్పున నలభైవేలు కూడబెట్టాము. తండా మిత్రుని పదివేలు వాళ్ళ నాయన రెండు మేకపోతులను అమ్మి ఇచ్చినవి. కొన్న ఇంజను పనికిరానిదైతే పోయేది మా ముచ్చట మాత్రమే కాదు, ఆ మేకపోతులు కూడా. బేరమాడిన ప్రతిచోటా ఈ సంగతి మాతోపాటు వచ్చి కూర్చునేది.

ఇటువంటి పని ప్రపంచంలో కొత్తది కాదు. ఇంగ్లాండులో కోలిన్ చాప్మన్ 1957లో లోటస్ సెవెన్ అనే తేలికపాటి కారును విడిభాగాలుగా అమ్మడం ప్రారంభించాడు. పూర్తిగా బిగించిన కారుమీద ఆనాడు అక్కడ కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాల పెట్టెమీద ఉండేది కాదు. బిగించే విధానాన్ని తెలిపే పుస్తకం జతచేస్తే పన్ను పడుతుందని, విప్పే విధానాన్ని అచ్చువేసి ఇచ్చారనీ, కొన్నవారు దానిని చివరినుండి మొదటికి చదువుకొన్నారనీ చెప్పుకొంటారు. అమెరికాలో బ్రూస్ మేయర్స్ 1964లో ఫోక్స్‌వాగన్ బీటిల్ భాగాలతో ఇసుక మేటలమీద పరుగెత్తే బగ్గీని నిర్మించాడు. 1996లో రాన్ చాంపియన్ అనే ఉపాధ్యాయుడు పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌ను దాతగా చేసుకొని కేవలం 250 పౌండ్లతో స్పోర్ట్స్ కారు కట్టుకొనే విధానాన్ని పుస్తకంగా వ్రాశాడు. మన హైదరాబాదునే చూడండి. బహదూర్‌పురాలో కె. సుధాకర్ గారు 2010లో తెరిచిన కార్ల ప్రదర్శనశాలలో బూటు, క్రికెట్ బ్యాటు, కెమెరా ఆకారాలలో నడిచే కార్లున్నాయి. అన్నీ పాత సామానుతో చేసినవే. జంతుప్రదర్శనశాలకు వెళ్ళిన మన విద్యార్థులు అంత దగ్గర ఉన్న దానిని చూడకుండా తిరిగివస్తారంటే మాకు ఆశ్చర్యం.

ఏ కారును దాతగా ఎన్నుకోవాలన్న విషయమై మాలో నాలుగు అభిప్రాయాలుండేవి. ఒకడు అంబాసిడర్ అన్నాడు. మల్లేపల్లి చౌరస్తాకు సమీపంలో ఒకటి అమ్మకానికి ఉన్నది కూడా. ఉస్తాదు దానిచుట్టూ ఒకసారి తిరిగి, "ఇది ఎడ్ల బండి కాదు, ఎద్దు. దీని బరువు మోయనీకె మీ గొట్టాలు చాలవు" అని తేల్చివేశారు. మరొకడు జీపు అన్నాడు. జీపు ధర విన్న తరువాత తానే ఊరుకున్నాడు. చివరకు అందరమూ మారుతి 800 వద్దకే వచ్చాము.

ఎందుకన్నది కొంచెం వివరించవలసి ఉన్నది. 1983 డిసెంబరు 14న తొలి తాళంచెవి అందించిన నాటినుండి 2014 జనవరిలో ఉత్పత్తి ఆగేవరకు ఈ కారు మూడు దశాబ్దాలపాటు తయారైనది. కనుక సామాను దొరకని ఊరు లేదు, దానిని విప్పిచూడని మిస్త్రీ లేడు. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను. మొత్తం బండి బరువే సుమారు 650 కిలోలు. అన్నింటికన్న ముఖ్యమైనది దాని అమరిక. ఇంజనూ, గేర్‌బాక్సూ, షాఫ్టులూ అన్నీ ముందు చక్రాల నడుమ ఒకే గుత్తిగా అడ్డంగా కూర్చొని ఉంటాయి. ఆ గుత్తిని గుత్తిగానే దింపి, కొత్త చట్రంలో సీట్ల వెనుక పెడితే ముందు చక్రాల బండి వెనుక చక్రాల బండిగా మారుతుంది. ఆ చక్రాలు అటూఇటూ తిరుగకుండా స్టీరింగు చేతులను చట్రానికి కట్టివేయాలి. గేరు కడ్డీని పొడిగించాలి. చెప్పినంత సులభం కాదు గాని అసాధ్యమూ కాదు. నమూనాలలో కూడా కార్బురేటర్ ఉన్న పాతదానినే వెదికాము. తరువాత వచ్చిన ఇంజెక్షన్ నమూనాలో కంప్యూటరు పెట్టె, సెన్సార్లు, వాటి వైర్లు ఒక్కటి తగ్గకుండా దింపాలి. కార్బురేటర్‌కు పెట్రోలు, గాలి, నిప్పురవ్వ చాలును.

కొనదగినదని తేలినది దేవరకొండలోనే ఒక ఇంటి వసారాలో ఉన్నది. 1997 నాటి బండి, ఏపీ 24 నంబరు. యజమాని పదవీ విరమణ చేసిన ఉర్దూ ఉపాధ్యాయులు. మొదటినుండి ఆయనదే. పదిహేనేండ్లు నిండిన తరువాత కూడా ఐదేసి సంవత్సరాలకు నమోదును క్రమంగా పునరుద్ధరించుకొంటూ వచ్చారు. కంటిచూపు మందగించిన తరువాత రెండేండ్లుగా బండి కదలలేదు.

ముందుగానే కబురుపెట్టి, మేము వచ్చేవరకు ఇంజను నడిపించవద్దని కోరాము. వేడెక్కిన ఇంజను తన రోగాన్ని దాచుకొంటుంది. చల్లని ఇంజను దాచలేదు. కొత్త బ్యాటరీ పెట్టి, తాజా పెట్రోలు పోసిన తరువాత అది ఏడవ ప్రయత్నానికి లేచింది. ఉస్తాదు కారు ముందు నిలువలేదు. సైలెన్సర్ వద్ద కూర్చొని పొగను చూచారు. నీలిపొగ అయితే నూనె కాలుతున్నట్లు. తెల్లపొగ ఆగకుండా వస్తే నీరు లోపలికి పోతున్నట్లు. మొదట కొంచెం వచ్చి ఆగినది. నూనె పోసే మూత తీసి లోపల మీగడవంటి జిడ్డు ఉన్నదేమో వ్రేలితో తడిమారు, లేదు. రేడియేటర్ మూత తీస్తే మాత్రం లోపల తెల్లని గార సున్నంవలె పేరుకొని ఉన్నది. "ఇది బండి తప్పు కాదు, మన నల్లగొండ బోరు నీళ్ళ మహిమ" అన్నారు. తరువాత ప్లగ్గులు తీసి మూడు సిలిండర్ల కంప్రెషన్ కొలిచాము: 150, 145, 150. అంకె ఎంత అన్నదానికన్న మూడూ ఒకదానికొకటి దగ్గరగా ఉండడం ముఖ్యం. మా తండా మిత్రుడు ఆ మూడంకెలను అరచేతిలో వ్రాసుకొన్నాడు. స్టీరింగును చివరిదాకా త్రిప్పి మెల్లగా నడిపితే ఎడమవైపు షాఫ్టు టకటకమన్నది. అది బేరానికి పనికివచ్చింది.

ఇంతవరకు యంత్రం మాట. ఇక మనిషి మాట.

ఈ బండిని ఏమి చేయబోతున్నామో ఆయనతో చెప్పాలా వద్దా అని మేము ముందురోజే చర్చించుకొన్నాము. డబ్బిచ్చి కొన్నవాని ఇష్టం, చెప్పవలసిన పనిలేదని ఒకడు. చెబితే అమ్మరేమో, ఇంత మంచి ఇంజను మరల దొరకదని ఇంకొకడు. ఆ వసారాలో గోడకు ఆ కారు ముందు దిగిన ఛాయాచిత్రాలు వేలాడుతున్నాయి. పండుగ బట్టలలో పిల్లలు, పెండ్లికూతురు. ఆ వాడలో రాత్రివేళ ఎవరికి జబ్బుచేసినా నల్లగొండ ఆసుపత్రికి పోయినది ఈ కారేనని ఇరుగుపొరుగువారు చెప్పారు. ఆయన టీ ఇప్పించి సూటిగానే అడిగారు.

"ఏం బేటా, నడుపుకొనేటందుకా, అమ్ముకొనేటందుకా?"

"రెండూ కాదు సార్, విప్పేస్తాము" అన్నాము.

చాలసేపు మాట్లాడలేదు. మేము మా పటాలు పరచి చూపించాము. ఆయన వాటిని కంటికి దగ్గరగా పెట్టుకొని చూచి, మేము ఊహించని ప్రశ్న వేశారు. "ఈ నంబరు నా పేరు మీద ఉన్నన్ని దినాలు ఇది నా బండే. రేపు మీ డబ్బా ఎవరికన్న తగిలితే పోలీసులు ఎవరి ఇంటికొస్తరు?"

మమకారాన్ని గూర్చి అడుగుతారనుకొంటే ఆయన చట్టాన్ని గూర్చి అడిగారు. న్యాయమైన ప్రశ్న. కారుకు నంబరు చట్రంమీద చెక్కిన సంఖ్యతో ముడిపడి ఉంటుంది. ఆ చట్రం పోయి మా గొట్టాల చట్రం వచ్చిన తరువాత ఆ నంబరు మా బండికి చెందదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నముగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ విషయాన్ని స్పష్టం చేసింది. కనుక మా బండి రోడ్డెక్కదు. కొండమల్లేపల్లి మిత్రుని బీడుభూమిలోనే దాని పరుగంతా. ఈ మాట చెప్పినప్పుడు ఆయన, "రోడ్డెక్కని బండికి ఇంత కష్టమెందుకు?" అనలేదు. "అది కాయితం మీద వ్రాసుకొని రండి" అన్నారు.

వారం తిరిగేలోగా వ్రాసుకొని వెళ్ళాము. మొదట యాజమాన్యం బదిలీ: 29వ నమూనా పత్రం రెండు ప్రతులు, 30వ నమూనా పత్రం, బీమా, కాలుష్య ధ్రువపత్రం, చట్రం సంఖ్యమీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చు. బండి మాలో పెద్దవాని పేరిట మారిన తరువాతనే విప్పడం. విప్పిన పదునాలుగు దినాలలోగా, వాహనం ఇక వినియోగానికి రాదని 55వ సెక్షను క్రింద తెలియజేసి నమోదు పత్రాన్ని అప్పగించడం. అధీకృత తుక్కు కేంద్రానికి ఇవ్వవచ్చు గదా అని అడిగేవారుంటారు. అక్కడ బండి ఇస్తే చేతికి వచ్చేది ధ్రువపత్రమే గాని ఇంజను కాదు. ఆయన మా కాగితాన్ని కుమారునిచేత చదివించుకొని, ఎర్రకలం తెప్పించి, "విప్పిన పదునాలుగు దినాలలోగా" అన్నచోట "ఏడు" అని దిద్దారు. ఉద్యోగం విరమించినా కలం విరమించలేదు.

ధర దగ్గర మాత్రం కఠినంగా ఉన్నారు. కబాడీవారు కిలో ఇరవైఐదు రూపాయల లెక్కన పదహారువేల చిల్లర అన్నారని మాలో ఒకడు నోరుజారబోతే, "తూకానికి కొనేటోళ్ళు ఇంజను పాట వినరు" అని ఆపివేశారు. నలభైఐదువేల దగ్గర మొదలై, షాఫ్టు చప్పుడు, రేడియేటర్ గార, అరిగిన టైర్లు లెక్కకువచ్చి ముప్పదినాలుగువేల వద్ద నిలిచినది. నాలుగువేలు బయానా ఇచ్చాము. బండి తీసుకొనిపోయే రోజున ఆయన భార్య వచ్చి, ముందు అద్దానికి కట్టిన తావీజును విప్పుకొని లోనికి వెళ్ళారు. ఆయన బయటికి రాలేదు.

బదిలీ పూర్తి అయ్యేవరకు ఒక్క నట్టు కూడా కదపలేదు. విప్పడానికి మాకు తొమ్మిది దినాలు పట్టింది. ప్రతి వైరుకు గుడ్డపేలిక కట్టి అంకె వేశాము. ప్రతి బోల్టును దాని గుంపుతో డబ్బాలో వేశాము. ఉస్తాదు మొదటిరోజు చూపించి, మిగిలిన దినాలు కుర్చీలో కూర్చొని మా చేతులను చూచారు. ఇంజను గుత్తి దిగిన తరువాత మిగిలిన కారు గుల్ల ఎంత తేలికైనదంటే నలుగురము ఎత్తి పక్కకు జరిపాము. సంఖ్య ఉన్న రేకుముక్కను కోసి నమోదు పత్రంతో కలిపి నల్లగొండ రవాణా కార్యాలయంలో ఆరవ దినాన అప్పగించాము. రసీదు నకలు తెచ్చి ఇస్తే మాస్టారు కుమారునిచేత రెండుసార్లు చదివించుకొని, తన కాగితాల సంచిలో పెట్టుకొన్నారు. ఇంజను ఎట్లున్నదని అడిగారు. చెప్పాము.

తలుపులు, అద్దాలు, సీట్లు, బంపర్లు కలిపి తొమ్మిదివేల ఐదువందలకు పోయినవి. తలుపులు కొన్నవాడు తన సొంత 800కు వేసుకొనేటందుకే కొన్నాడు. అవి ఇప్పటికీ దేవరకొండ బజారులో తిరుగుతున్నాయి. గుల్ల 210 కిలోలు తూగి ఐదువేల రెండువందల యాభై తెచ్చింది. అనగా దాత ఖరీదు మాకు పందొమ్మిదివేల రెండువందల యాభై రూపాయలు. ఇంజను ప్రస్తుతం ఉస్తాదు షెడ్డులో ఇనుప బల్లమీద ఉన్నది, వారానికొకసారి నడిపిస్తున్నాము. ఎడమ షాఫ్టు కొత్తది వేయాలి. గొట్టాలు కొనడానికి పరీక్షలయ్యాక హైదరాబాదు వెళ్ళాలి. తండా మిత్రుని నాయన ఒకనాడు షెడ్డుకు వచ్చి, ఆ యంత్రంచుట్టూ తిరిగి, అది నడుస్తుండగా చేయివేసి చూచి, "మేకపోతులకన్న ఎక్కువే అరుస్తున్నది" అని బస్సుకు వెళ్ళిపోయినాడు.