ముప్ఫై తొమ్మిది మెట్లు

విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్ల ముందు నిలబడితే నాకు వేళ తెలియదు. తెలుగు ఎమ్మే చదివి, తెలుగు పాఠాలు చెప్పుకు బ్రతికేవాణ్ణి గనక అక్కడ ప్రబంధాలు వెతుక్కోవాలి గదా! వెతుకుతాను. కాని చేతికి తగిలేవి మాత్రం డిటెక్టివులూ, గూఢచారులూనూ. అలా తగిలిందే జాన్ బకన్ రాసిన ‘ది థర్టీనైన్ స్టెప్స్’. అట్ట నలిగిన పేపర్‌బ్యాకు. అరవై అన్నాడు, నలభైకి ఇచ్చాడు.

1914లో బకన్‌కు కడుపులో పుండు. మంచం దిగరాదన్నారు. పడుకుని తోచక రాసిన కథ ఇది. 1915లో ముందు పత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆ యేడే పుస్తకమయింది. హానే అనే గనుల ఇంజనీరు లండన్లో విసుగెత్తి కూర్చుని ఉంటే, పై వాటాలో ఉండే అమెరికను ఒకడు వచ్చి, ఏదో కుట్ర ఉందని చెవిలో వేసి, కొద్దిరోజుల్లోనే కత్తిపోటుకు చస్తాడు. ఇక వెనక పోలీసులు, పక్కన శత్రువులు. హానే పాలవాడి వేషంలో బయటపడి స్కాట్లండు కొండల్లోకి పరుగో పరుగు. చెయ్యని నేరానికి పరుగెత్తే సినిమా కథానాయకులందరికీ ఈయన పెద్దన్నగారి వరస.

నా ప్రతిలో మరో రహస్యం ఉంది. ఎవరో మహానుభావుడు కష్టమయిన ప్రతి మాటకూ పక్కన పెన్సిలుతో తెలుగు అర్థం రాసుకున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. శంకరనారాయణ నిఘంటువు ఒళ్ళో పెట్టుకు చదివాడు కాబోలు. అయిదో ప్రకరణం దాకా వచ్చాక పెన్సిలు ఆగిపోయింది. ఎందుకో నాకు వెంటనే తెలిసింది. అక్కడ రోడ్డు బాగుచేసే కూలి ఒకడు వస్తాడు. వాడిది పచ్చి స్కాచి యాస. ఆ మాటలు ఏ నిఘంటువులో దొరుకుతాయి?

ఇలా ఉండగా, ఒకరోజు డిగ్రీ రెండో ఏడు కుర్రవాడొకడు నా గదిలోకి వచ్చాడు. పాలకొండ వైపువాడు. మొదటి ఏడు హాజరు పిలిచినప్పుడు “నానొచ్చీసినానండి” అన్నాడని క్లాసంతా గొల్లుమంది. (నేనూ నవ్వాను. దాచడమెందుకు?) అప్పటినుంచీ నోరు విప్పలేదు.

“ఇంగ్లీషు నావల్ల కాదండి. ఊరెళ్ళిపోతాను” అన్నాడు.

ఏం చెప్పాలో తోచక, బల్లమీద ఉన్న ఈ పుస్తకం చేతిలో పెట్టి, “ఇది చదివి వెళ్ళు” అన్నాను. మర్నాటినుంచి మనిషి లేడు. మూడు వారాలు గడిచాయి. నలభై రూపాయల పుస్తకం పోయిందని ఇంట్లో నాలుగుసార్లు అన్నాను. అయిదోసారి మా ఆవిడ కూర తరుగుతూ తలెత్తింది. “పుస్తకం పుస్తకం అంటారు, ఆ పిల్లాడేమయ్యాడో కనుక్కున్నారా?”

కనుక్కోలేదు.

ఆ సోమవారం వాడే వచ్చాడు. అట్ట ఊడిపోయింది. తెరిచి చూద్దును గదా, పెన్సిలు ఆగినచోటునుంచి బాల్‌పెన్ను! నాకు ఒళ్ళు మండింది.

“ఈ రోడ్డాయన మాట చూస్తే తెలీలేదండి. పైకి చదివితే తెలిసింది” అన్నాడు. “రాత్రి కూతురు పెళ్ళి. తాగీసినాడు. తెల్లారి తల పగిలిపోతంది. పైనుంచి ఆఫీసరొస్తాడని బయం. మా తాత ఇలాగేనండి, అచ్చం.”

పొరపాటున తన యాసలోకి జారిపోయానని చటుక్కున ఆగాడు. నేను నవ్వలేదు. పుటలు తిప్పాను. రెండు మూడు అర్థాలు తప్పు. రబ్బరు కోసం సొరుగు లాగి, బాల్‌పెన్ను చెరగదని గుర్తొచ్చి మళ్ళీ మూశాను.

వాడు వెళ్ళబోతూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“మాస్టారూ, పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడండీ?”

“శుక్రవారం” అన్నాను.