ఘాట్ దిగేటప్పుడే అసలు చలి

సబ్బవరం కూడలిలో చోడవరం రోడ్డు పట్టుకుని, వడ్డాది, మాడుగుల దాటితే పాడేరు ఘాట్ మొదలవుతుంది. సైకిల్ మీద మన్యం చూడాలనుకునేవాళ్లకి నేను ముందు చెప్పే దారి ఇదే. చిక్కల్లా వానతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, కింద జల్లు, పైన చలివాన.

‘మన వైపు చలేంటండీ’ అని నవ్వకండి. సబ్బవరంలో చెమట పట్టే మాట నిజమే. కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పాడేరు వైపు పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు తొక్కే పని ఉండదు, ఎదురుగాలి మాత్రం కోసేస్తుంది. తడిసిన మోకాళ్లు బిగుసుకుపోతాయి.

జీన్స్ అసలొద్దు. నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పూటంతా ఆరదు. బజార్లో దొరికే బైకు రెయిన్‌కోటు ప్యాంటు వానని ఆపుతుంది గానీ చెమటనీ బయటికి పోనివ్వదు. దాంతో ఘాట్ ఎక్కితే లోపలినుంచే తడిసిపోతారు. ఎక్కేటప్పుడు త్వరగా ఆరే పాలిస్టర్ టైట్స్ చాలు, తడిసినా ఫర్వాలేదు. వాటర్‌ప్రూఫ్ ప్యాంటు సంచిలో ఉంచుకుని, దిగేముందు తొడుక్కోండి.

కొనేటప్పుడు లేబుల్ మీద 10,000 మి.మీ. అని ఉందా చూడండి. అంత ఎత్తు నీటి ఒత్తిడిని బట్ట తట్టుకుంటుందని అర్థం. అంకె ఎంతున్నా కుట్ల మీద లోపలివైపు టేపు లేకపోతే దండగే. చీలమండ దగ్గర జిప్పుంటే బూట్లు విప్పకుండా తొడగొచ్చు. పట్టీ తప్పనిసరి, లేదంటే కుడికాలి అంచు చైన్లో పడుతుంది. దుకాణంలో మోకాలు పూర్తిగా మడిచి చూసుకోండి.

మాడుగుల చేరాక విప్పి, దులిపి, హ్యాండిల్ మీద ఆరేయండి. ఈలోగా హల్వా సంగతి చూడొచ్చు.